రైఫిల్ పేలాక ఖాళీ షెల్ ఎటు పోతుంది? షూటింగ్ రేంజ్‌లో ఆ చిన్న ఇత్తడి గొట్టంతో ఎందుకంత జాగ్రత్త?

హైలైట్స్:
- బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఖాళీ షెల్ ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించేది షూటరే
- కాలర్‌లో వేడి షెల్ పడితే మొదట చూసుకోవాల్సింది కాలిన చోటు కాదు, రైఫిల్ మూతి ఎటు ఉందో
- ఫైరింగ్ లైన్ దాటి దొర్లిన షెల్ కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు
- గుర్తుగా ఉంటుందని షెల్ జేబులో వేసుకుంటే ఎయిర్‌పోర్టులో చిక్కులు తప్పకపోవచ్చు

ట్రిగ్గర్ నొక్కగానే అందరి కళ్లూ టార్గెట్ మీదకే వెళ్తాయి. ఎక్కడ తగిలింది? ఎన్ని పాయింట్లు వచ్చాయి? ఇదే చర్చ. రైఫిల్‌లో మిగిలిపోయిన ఖాళీ షెల్‌ను మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. రేంజ్ ఆఫీసర్ కన్ను మాత్రం దాని మీద కూడా ఉంటుంది. ఎందుకంటే రేంజ్‌లో జరిగే చిన్నా పెద్దా పొరపాట్లలో కొన్ని ఈ ఇత్తడి గొట్టం దగ్గరే మొదలవుతాయి. వేడి షెల్ మెడ మీద పడి ఉలిక్కిపడటం, కింద పడ్డ షెల్ కోసం గీత దాటడం, ఇంటికి పట్టుకెళ్లి చిక్కుల్లో పడటం.. ఇలా చాలానే ఉన్నాయి. అసలు ఈ షెల్ ఎలా బయటికి వస్తుంది, దాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో చూద్దాం.

బుల్లెట్ వేరు, తూటా వేరు

మనం మామూలుగా మొత్తాన్నీ కలిపి 'బుల్లెట్' అనేస్తాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు ఉండే లోహపు మొన.. అదే బుల్లెట్. వెనక ఉండే గొట్టం.. అదే కేస్ లేదా షెల్. గొట్టం లోపల మందు. అడుగున మందును అంటించే చిన్న ప్రైమర్. పేలాక టార్గెట్ వైపు దూసుకెళ్లేది బుల్లెట్ మాత్రమే. గొట్టం రైఫిల్ లోపలే ఉండిపోతుంది.

ఈ గొట్టాన్ని ఎక్కువగా ఇత్తడితో చేస్తారు. సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు. ఇత్తడే ఎందుకంటే దానికి సాగే గుణం ఉంది. మందు పేలినప్పుడు ఆ ఒత్తిడికి గొట్టం ఉబ్బి, ఛాంబర్ గోడలకు గట్టిగా అతుక్కుంటుంది. దాంతో వేడి గ్యాస్ వెనక్కి, అంటే షూటర్ ముఖం వైపు రాకుండా ఆగిపోతుంది. ఒత్తిడి తగ్గగానే గొట్టం మళ్లీ కాస్త ముడుచుకుంటుంది. అందుకే దాన్ని సులువుగా బయటికి లాగగలుగుతాం.

బోల్ట్ యాక్షన్ స్పెషాలిటీ ఏంటి?

సెమీ ఆటోమేటిక్ తుపాకీలో షూటర్‌తో పని లేదు. పేలిన మరుక్షణమే షెల్ దానంతట అదే ఎగిరి పడుతుంది. బోల్ట్ యాక్షన్ రైఫిల్ కథ వేరు. షూటర్ చేత్తో బోల్ట్ హ్యాండిల్ పైకి లేపి, వెనక్కి లాగేదాకా షెల్ ఛాంబర్‌లోనే ఉంటుంది.

ఇందులో ఒక లాభం ఉంది. షెల్ ఎప్పుడు బయటికి రావాలి, ఎంత వేగంగా రావాలి అన్నది చాలావరకు షూటర్ చేతిలోనే ఉంటుంది. గబగబా లాగాల్సిన అవసరం రేంజ్‌లో సాధారణంగా ఉండదు. సినిమాల్లో హీరో స్టైల్‌గా బోల్ట్ లాగితే షెల్ గాల్లో గింగిరాలు తిరుగుతుంది. ప్రాక్టీస్‌లో అదే పని చేస్తే ఆ షెల్ పక్క లేన్‌లో కూర్చున్న వాళ్ల టేబుల్ మీద పడుతుంది.

బోల్ట్ కదలికలో రెండు దశలుంటాయి. హ్యాండిల్ పైకి లేపినప్పుడు, ఛాంబర్‌కు అతుక్కున్న షెల్ కొద్దిగా వదులవుతుంది. వెనక్కి లాగినప్పుడు పూర్తిగా బయటికి వస్తుంది. హ్యాండిల్ సాఫీగా లేస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. బిగుసుకుపోయి బలం పెట్టాల్సి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే. దాని గురించి కింద చూద్దాం.

లాగేది ఒకటి, నెట్టేది ఇంకొకటి

షెల్‌ను బయటికి పంపడానికి రెండు వేర్వేరు భాగాలు పనిచేస్తాయి. మొదటిది ఎక్స్‌ట్రాక్టర్. ఇది కొక్కెంలా షెల్ అంచును పట్టుకుని ఛాంబర్ నుంచి లాగుతుంది. రెండోది ఎజెక్టర్. లాగిన షెల్‌ను పక్కకు నెట్టి బయట పడేస్తుంది.

ఈ ఎజెక్టర్లు ప్రధానంగా రెండు రకాలు. తేడా తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

ఫిక్స్‌డ్ ఎజెక్టర్: ఇది రైఫిల్ బాడీకి అమర్చి ఉంటుంది, బోల్ట్‌తో పాటు ముందుకూ వెనక్కూ రాదు. 1898 నాటి జర్మన్ మౌజర్ రైఫిల్ దీనికి పేరున్న ఉదాహరణ. బోల్ట్ వెనక్కి చివరిదాకా వచ్చినప్పుడు షెల్ అడుగు భాగం ఈ ఎజెక్టర్‌కు తగులుతుంది. అప్పుడే షెల్ బయటికి పోతుంది. అంటే ఎంత వేగంగా లాగితే అంత దూరం. మెల్లగా లాగితే పక్కనే టప్పున పడుతుంది. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాల పాటు ఉన్న త్రీనాట్‌త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లోనూ ఎజెక్టర్ బాడీలోనే ఉంటుంది. లోపలి గోడలో ఉండే ఒక చిన్న స్క్రూ ఆ పని చేస్తుంది.

ప్లంజర్ ఎజెక్టర్: ఇది బోల్ట్ ముఖంలోనే ఉంటుంది. వెనక స్ప్రింగ్ ఉన్న చిన్న పిన్ షెల్‌ను ఎప్పుడూ ఒక పక్కకు నెడుతూనే ఉంటుంది. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 ఇలాంటిదే. షెల్ మూతి ఛాంబర్ దాటి ఖాళీలోకి రాగానే స్ప్రింగ్ దాన్ని విసిరేస్తుంది. ఇక్కడ బోల్ట్ మెల్లగా లాగినా పెద్దగా ఉపయోగం ఉండదు. స్ప్రింగ్ తన పని తాను చేసుకుపోతుంది.

కాబట్టి 'మెల్లగా లాగు, షెల్ ఎగరదు' అన్న సలహా అన్ని రైఫిళ్లకూ పనిచేయదు. ముందు చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలి.

షెల్ ఎగిరి పోకుండా ఏం చేస్తారు?

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రేంజ్‌లో అనుభవం ఉన్నవాళ్లు పాటించే పద్ధతులు ఇవి.

టవల్ లేదా మ్యాట్: బెంచ్ మీద, రైఫిల్ కుడి పక్కన ఒక మందపాటి టవల్ పరిస్తే చాలు. షెల్ దాని మీద పడి అక్కడే ఆగిపోతుంది. సిమెంట్ నేల మీద పడి మూతి సొట్టపోవడం తప్పుతుంది.

అట్టపెట్టె అడ్డం: షెల్ వెళ్లే వైపు ఒక ఖాళీ అట్టపెట్టెను పక్కకు తిప్పి పెడితే పక్క లేన్‌కు వెళ్లకుండా ఆపుతుంది. ఇందుకోసం వల సంచిలాంటి బ్రాస్ క్యాచర్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. అయితే అది బోల్ట్ కదలికకు అడ్డం రాకూడదు, రేంజ్ ఆఫీసర్‌కు ఛాంబర్ కనిపించకుండా చేయకూడదు.

చేత్తో తీయడం: రైఫిల్ స్టాండ్ మీద స్థిరంగా ఉన్నప్పుడు, ఫిక్స్‌డ్ ఎజెక్టర్ రకమైతే బోల్ట్‌ను చివరిదాకా లాగకుండా ఆపి, షెల్‌ను వేళ్లతో తీసుకోవచ్చు. కచ్చితత్వం కోసమే పోటీపడే బెంచ్‌రెస్ట్ షూటర్లలో కొందరు ఎజెక్టర్‌ను తీసేయించుకుంటారు కూడా. షెల్ ఎక్కడికీ పోదు, వేళ్లతో తీసి పెట్టెలో సర్దుకుంటారు. వేట రైఫిల్‌కో, డ్యూటీ రైఫిల్‌కో ఇలాంటి మార్పులు పనికిరావు. ఏ మార్పైనా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేయాల్సిందే. ఇంట్లో స్ప్రింగ్ కత్తిరించే ప్రయోగాలు వద్దు.

ఇంకో సంగతి. రైఫిల్ మీద స్కోప్ బిగించినప్పుడు, దాని కుడి పక్కన తిప్పే నాబ్ ఉంటుంది. కొన్ని రైఫిళ్లలో షెల్ సరిగ్గా వెళ్లి దానికే కొట్టుకుని మళ్లీ లోపల పడుతుంది. చూసుకోకుండా బోల్ట్ ముందుకు తోస్తే ఇరుక్కుంటుంది. అందుకే ప్రతిసారీ షెల్ బయటపడిందా లేదా కళ్లతో చూశాకే తర్వాతి తూటా పెట్టాలి.

కాలర్‌లో వేడి షెల్ పడితే?

రేంజ్‌లో అందరూ నవ్వుకునే సీన్ ఇది. కానీ ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

చాలా తుపాకుల్లో షెల్ కుడి పక్కకే పడుతుంది. అంటే ఎడమ లేన్‌లో ఎవరైనా సెమీ ఆటోమేటిక్ పేలుస్తుంటే ఆ వేడి షెల్స్ కుడి పక్కనున్న వాళ్ల మీదకు వస్తాయి. చొక్కా కాలర్‌లోనో, కళ్లద్దాలకూ చెంపకూ మధ్యనో ఇరుక్కుంటే చర్మం చురుక్కుమంటుంది. అప్పుడు మనిషి అసంకల్పితంగా గెంతుతాడు, వెనక్కి తిరుగుతాడు, చేతులు ఆడిస్తాడు. ఆ చేతుల్లో లోడ్ చేసిన తుపాకీ ఉంటే? మూతి పక్కవాళ్ల వైపు తిరుగుతుంది. వేలు ట్రిగ్గర్ మీదే ఉండిపోతే అంతే సంగతులు.

కాలిన చోట బొబ్బ వస్తే నాలుగు రోజుల్లో మానుతుంది. తూటా తగిలితే మానదు. అందుకే ట్రైనింగ్‌లో చెప్పే క్రమం ఇదీ: మూతి టార్గెట్ వైపే ఉంచాలి, వేలు ట్రిగ్గర్ నుంచి తీయాలి, తుపాకీని బెంచ్ మీద పెట్టాలి. ఆ తర్వాతే షెల్ సంగతి.

అసలు ఆ పరిస్థితి రాకుండా మెడదాకా మూసి ఉండే టీషర్ట్, ముందు అంచున్న టోపీ, కంటి పక్కలు కూడా కప్పే సేఫ్టీ గ్లాసెస్ వేసుకోవాలి. వదులు కాలర్, లోతు మెడ దుస్తులు, చెప్పులు వద్దు. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల పిస్టల్ రేంజ్‌లలో షూటర్ల మధ్య పారదర్శకమైన అడ్డుతెరలు పెట్టేది కూడా ఈ షెల్స్ కోసమే.

గీత దాటితే డేంజర్

షెల్ ఒక్కోసారి దొర్లుకుంటూ ఫైరింగ్ లైన్ ముందుకు వెళ్తుంది. అడుగు దూరమే కదా అని వంగి తీసుకోబోతారు కొత్తవాళ్లు. రేంజ్‌లో ఇంతకు మించిన తప్పు లేదు. ఆ గీత ముందుకు ఎవరైనా వెళ్లాలంటే 'సీజ్ ఫైర్' ప్రకటించాలి. అన్ని తుపాకులూ ఖాళీ చేయాలి, బోల్ట్‌లు తెరిచి ఉంచాలి, ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు. అప్పుడు రేంజ్ ఆఫీసర్ చెబితేనే కదలాలి.

కాల్పులు జరుగుతుండగా కింద పడ్డ షెల్స్ ఏరుకోవడం కూడా మంచిది కాదు. వంగినప్పుడు పక్కవాడి ఏకాగ్రత చెదురుతుంది. ఎవరి షెల్ ఎవరిదన్న గొడవ కూడా ఉంటుంది. చాలా రేంజ్‌లలో నేల మీద పడ్డ ఇత్తడి రేంజ్‌దే అన్న నిబంధన ఉంటుంది. అడిగి తీసుకోవడమే పద్ధతి.

షెల్ రాకపోతే? తూటా పేలకపోతే?

బోల్ట్ బిగుసుకుందంటే ఛాంబర్‌లో మురికి చేరి ఉండొచ్చు, లేదా తూటాలో ఒత్తిడి మోతాదు మించి ఉండొచ్చు. సుత్తితో కొట్టడం, కాలితో తన్నడం లాంటివి చేయకూడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి.

ట్రిగ్గర్ నొక్కినా 'టక్' మని శబ్దం వచ్చి పేలలేదంటే ఇంకా జాగ్రత్త. ప్రైమర్ ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. దీన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు. వెంటనే బోల్ట్ తెరిస్తే తూటా బయట పేలొచ్చు. మూతి టార్గెట్ వైపు ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. శబ్దం ఎప్పటికంటే చాలా తక్కువగా వచ్చినా ఆపేయాల్సిందే. బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే బ్యారెల్ పగిలే ప్రమాదం ఉంది.

ఖాళీ షెల్ చెప్పే రహస్యాలు

షెల్‌ను పారేసే ముందు ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి. రైఫిల్ ఆరోగ్యం అందులో కనిపిస్తుంది.

- ప్రైమర్ పూర్తిగా చదునుగా నొక్కుకుపోయి, షెల్ అడుగున మెరిసే గీత లేదా వలయం కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైనట్టు. కాల్చడం ఆపి చెక్ చేయించాలి.
- మూతి దగ్గర నిలువుగా చీలిక ఉంటే ఆ షెల్ పని అయిపోయినట్టు.
- అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉంటే అక్కడ ఇత్తడి పలచబడుతోందని అర్థం. మళ్లీ వాడితే రెండు ముక్కలయ్యే ప్రమాదం.

అమెరికా లాంటి దేశాల్లో షూటర్లు షెల్స్‌ను ఇంత భద్రంగా దాచుకోవడానికి కారణం కూడా ఉంది. కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి అదే గొట్టాన్ని మళ్లీ మళ్లీ వాడతారు. తూటా భాగాల్లో తిరిగి వాడుకోగలిగేది ఇదొక్కటే. అయితే పాయింట్ 22 రిమ్‌ఫైర్ షెల్స్ ఇలా రీలోడ్‌కు పనికిరావు. వాటిలో విడి ప్రైమర్ ఉండదు. అంచులోనే మందు ఉంటుంది, పిన్ దెబ్బకు ఆ అంచు నొక్కుకుపోతుంది. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఇక్కడ ఆ ఆలోచనే వద్దు.

టోపీలో షెల్స్ ఏరితే?

చాలామంది షెల్స్ ఏరి టోపీలో వేసుకుంటారు. తర్వాత అదే టోపీ తలకు పెట్టుకుంటారు. ఇది మానుకోవాల్సిన అలవాటు. చాలా రకాల ప్రైమర్లలో సీసం ఉంటుంది. పేలాక ఆ నుసి షెల్ లోపల, బయట అంటుకుని ఉంటుంది. చేతుల నుంచి అది నోట్లోకి వెళ్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందన్నది తెలిసిందే.

షెల్స్‌కు ప్రత్యేకంగా ఒక డబ్బా పెట్టుకోవాలి. ఏరాక సబ్బుతో చేతులు, ముఖం కడుక్కున్నాకే టీ, సమోసా. రేంజ్‌కు వేసుకెళ్లిన బట్టలు విడిగా ఉతకాలి. చిన్నపిల్లలకు షెల్స్ ఆటవస్తువుల్లా ఇవ్వకూడదు. ఏరేటప్పుడు పేలని తూటా ఏదైనా కలిసిందేమో చూసుకోవాలి. తుక్కు ఇత్తడిలో ఒక్క బతికున్న తూటా కొలిమిలోకి వెళ్లినా ప్రమాదమే.

మన దగ్గర లెక్క పక్కా

తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో మొదటి పరిచయం ఎన్‌సీసీ క్యాంపులోనే. అక్కడ క్యాడెట్లకు ఇచ్చేది పాయింట్ 22 రైఫిల్. 'భర్', 'ఖాలీ కర్' అన్న కమాండ్లు ఒకసారి క్యాంపుకు వెళ్లినవాళ్లు మర్చిపోరు. ఫైరింగ్ అయ్యాక ఖాళీ షెల్స్ ఏరి లెక్క అప్పజెప్పాలి. ఎన్ని తూటాలు ఇచ్చారో, పేలినవీ మిగిలినవీ కలిపి అంతే తేలాలి. పోలీసు, ఆర్మీ ఫైరింగ్ ప్రాక్టీసుల్లోనూ ఇదే పద్ధతి. ఒక్కటి తగ్గినా వెతుకులాటే. బతికున్న తూటా బయటికి పోలేదని రుజువు చేసేది ఆ ఖాళీ షెల్ మరి.

క్రీడల్లోనూ బోల్ట్ యాక్షన్‌కు చోటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలేకు కాంస్యం తెచ్చిన 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో వాడేది పాయింట్ 22 తూటాలే. ప్రతి షాట్‌కూ తూటాను చేత్తో విడిగా లోడ్ చేయాలి. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో పతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు మాత్రం ఈ షెల్ గొడవే లేదు. గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్ వెళ్తుంది, వెనక ఏమీ మిగలదు.

గుర్తుగా ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మన దేశంలో విమాన ప్రయాణికుడి బ్యాగులో ఒక్క తూటా కనిపించినా భద్రతా సిబ్బంది పోలీసులకు అప్పగిస్తారు. 1959 ఆయుధాల చట్టంలో 'అమ్యూనిషన్' నిర్వచనంలోకి తూటా భాగాలు కూడా వస్తాయి. అయితే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. తన దగ్గర ఉందన్న స్పృహ ఉంటేనే అది నేరపూరితమైన 'పొసెషన్' అవుతుందని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. బ్యాగులో మర్చిపోయిన తూటాల కేసులు హైకోర్టుల్లో కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అదంతా ఫ్లైట్ మిస్సయ్యి, స్టేషన్, కోర్టు చుట్టూ తిరిగాక వచ్చే ఊరట. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగును ప్రయాణాలకు వాడకపోవడమే మేలు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు..

వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో రేంజ్‌కు వెళ్లి రీల్ చేయడం అక్కడ మన విద్యార్థుల్లో మామూలైపోయింది. ఇది గుర్తుంచుకోవాలి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీకీ ఇదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇంకో విషయం తెలుసా? ఆ చట్టంలో 'అమ్యూనిషన్' నిర్వచనంలో కార్ట్రిడ్జ్ కేస్ కూడా ఉంది. రేంజ్ వాళ్లు అడగలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. నేరం రుజువైతే జైలుతో పాటు వీసా, భవిష్యత్తు రెండూ పోతాయి. వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం మంచిది.

రేంజ్‌కు వెళ్లే ముందు ఒక్కసారి..

1. రైఫిల్‌లో ఏ రకం ఎజెక్టర్ ఉందో తెలుసుకోవాలి.
2. కుడి పక్కన టవల్ లేదా అట్టపెట్టె పెట్టుకోవాలి. లెఫ్ట్ హ్యాండ్ రైఫిల్ అయితే ఎడమ పక్కన.
3. మెడ మూసిన టీషర్ట్, టోపీ, కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.
4. షెల్ బయటపడిందని చూశాకే తర్వాతి తూటా.
5. ఏం జరిగినా మూతి టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే.
6. సీజ్ ఫైర్ లేకుండా గీత దాటొద్దు, షెల్ పోతే పోయింది.
7. చివరి షెల్ తీశాక బోల్ట్ తెరిచే ఉంచాలి. ఛాంబర్ ఖాళీ అని ఎవరు చూసినా తెలియాలి.
8. బయల్దేరే ముందు చేతులు కడుక్కోవాలి, జేబులు, ప్యాంటు మడతలు, బ్యాగు అరలు దులుపుకోవాలి.